కెమెరా దాటాక మళ్లీ తొక్కితే? సగటు వేగం కెమెరాలు ఎలా పట్టుకుంటాయో చూద్దాం

మొన్నో ఆదివారం సాయంత్రం ధర్మవరం నుంచి బెంగళూరుకి బయల్దేరాం. కారు మా బావది, డ్రైవింగూ తనదే. చెన్నేకొత్తపల్లి దగ్గర ఎన్‌హెచ్ 44 ఎక్కిన కాసేపటికి డ్యాష్‌బోర్డు మీదున్న ఫోన్ మోగింది, ముందు స్పీడ్ కెమెరా ఉందని. 118 మీదున్న ముల్లు టక్కున 80కి దిగింది. కెమెరా వెనక్కి వెళ్లిపోయింది. పెనుకొండ బోర్డు కనిపించేసరికి మళ్లీ 120.

"కెమెరా పోయింది కదా బావా, మళ్లీ ఎందుకు తొక్కుతున్నావ్?" అన్నా.

"పోయింది కాబట్టే కదరా తొక్కేది" అన్నాడు.

లాజిక్ కరెక్టే. మామూలు స్పీడ్ కెమెరాకి మీరు దాని ముందున్న ఆ ఒక్క క్షణం ఎంత వేగంతో ఉన్నారన్నదే కావాలి. మిగతా దారంతా ఏం చేశారో దానికి తెలీదు, అవసరమూ లేదు. ఫోన్‌లో మ్యాప్స్ ముందే హెచ్చరించడం మొదలుపెట్టాక ఆ క్షణం కూడా సర్‌ప్రైజ్ కాదు. ఈ ఆటని పనికిరాకుండా చేసే టెక్నాలజీ ఒకటుంది. దాని పేరు యావరేజ్ స్పీడ్ కెమెరా. తెలుగులో సగటు వేగం కెమెరా అందాం. అదెలా పనిచేస్తుంది, మన రోడ్డు మీద పెడితే ఏమవుతుంది అన్నదే ఈ ఆర్టికల్.

ముందు మామూలు కెమెరా సంగతి

ఒక్క చోట వేగం కొలిచే పరికరాల్లో ఎక్కువగా కనిపించేవి రెండు. ఒకటి రాడార్. ఇది రేడియో తరంగాన్ని కారు మీదకి పంపి, తిరిగొచ్చిన తరంగం ఫ్రీక్వెన్సీ ఎంత మారిందో చూస్తుంది. ఇంటర్ ఫిజిక్స్‌లో చదువుకున్న డాప్లర్ ఎఫెక్టే. 24 గిగాహెర్ట్జ్ రాడార్‌కి ఎదురుగా 100 కి.మీ. వేగంతో వస్తే ఫ్రీక్వెన్సీ సుమారు 4,450 హెర్ట్జ్ జరుగుతుంది. రెండోది రోడ్డు పక్కన పోలీసుల చేతిలో కనిపించే లేజర్ గన్. ఇది వరసగా కాంతి పల్స్‌లు పంపి, ఒక్కో పల్స్ వెళ్లి రావడానికి పట్టిన సమయాన్ని బట్టి కారు ఎంత దగ్గరికొచ్చిందో లెక్కేస్తుంది.

ఇక్కడో చిన్న పిట్టకథ. ఐరోపాలో దశాబ్దాల పాటు డ్రైవర్లని వణికించిన గాట్సో కెమెరా వెనకున్న మనిషి పోలీసు కాదు, రేసర్. మౌస్ గాట్సొనైడ్స్ అనే డచ్ డ్రైవర్, 1953లో మాంటే కార్లో ర్యాలీ గెలిచినవాడు. మలుపుల్లో తన వేగం కొలుచుకుని ఇంకా ఫాస్ట్‌గా వెళ్లడానికి చేసుకున్న పరికరం, చివరికి అందరి వేగానికీ కళ్లెం వేసింది.

సగటు వేగం అంటే ఇంతే

రోడ్డు మీద రెండు చోట్ల, పైన అడ్డంగా కట్టిన ఇనుప కమానులకి కెమెరాలు పెడతారు. మొదటి కెమెరా మీ నంబర్ ప్లేట్ చదివి, టైమ్ రాసుకుంటుంది. కొన్ని కిలోమీటర్ల తర్వాత రెండోది అదే పని చేస్తుంది. సర్వర్ ఆ రెండు రికార్డులనీ జత చేసి, దూరాన్ని సమయంతో భాగిస్తుంది. అంతే. రాడార్ లేదు, లేజర్ లేదు. కోడ్‌లో రాస్తే పది లైన్లు కూడా కాదు.

లెక్క చూద్దాం. సెక్షన్ పొడవు 30 కి.మీ. అనుకోండి. 100తో వెళ్తే 18 నిమిషాలు పడుతుంది. మీరు 15 నిమిషాల్లోనే రెండో కెమెరా కింద కనిపించారంటే సగటు 120. కెమెరాల దగ్గర 60కి తగ్గించినా ఉపయోగం లేదు, ఎందుకంటే కొలిచింది ఆ క్షణాన్ని కాదు, ఆ 15 నిమిషాల్నీ.

"నేనెప్పుడూ 100 దాటలేదు, మీ లెక్కే తప్పు" అని వాదించొచ్చా? కుదరదు. ఇంటర్ ఫస్టియర్ మ్యాథ్స్ 1బిలో లగ్రాంజ్ మధ్యమ మూల్య సిద్ధాంతం గుర్తుందా? పరీక్షకి బట్టీపట్టి వదిలేసిందే. సగటు 120 వచ్చిందంటే, ఆ దారిలో ఏదో ఒక క్షణంలో మీ వేగం కచ్చితంగా 120 ఉండి తీరాలి. ఎక్కడ అన్నది చెప్పలేం కానీ ఉందన్నది ఖాయం. ఇన్నేళ్ల తర్వాత ఆ థియరమ్ చలానా రూపంలో పనికొస్తుందని మా మ్యాథ్స్ సార్ కూడా అనుకుని ఉండరు.

దీనికి తిరగేసిన మాట మాత్రం నిజం కాదు. సగటు 100 లోపు ఉందంటే మీరు ఎక్కడా 100 దాటలేదని కాదు. మధ్యలో ఆగి టీ తాగితే సగటు దిగిపోతుంది. ఈ పాయింట్ గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాం.

ఖచ్చితత్వం సంగతి కూడా చెప్పాలి. రెండు కెమెరాల గడియారాలు ఒకే టైమ్‌లో నడవాలి. జీపీఎస్ శాటిలైట్ల నుంచి టైమ్ తీసుకుంటే అది పెద్ద సమస్య కాదు. సెక్షన్ ఎంత పొడవుంటే తప్పు అంత తగ్గుతుంది. 1 కి.మీ. సెక్షన్‌ని 100తో దాటడానికి 36 సెకన్లు. గడియారాల్లో 0.1 సెకను తేడా ఉన్నా వచ్చే తప్పు 0.3 శాతం కూడా ఉండదు. 10 కి.మీ. అయితే అందులో పదో వంతు. చేత్తో పట్టుకున్న గన్‌కి ఉండే కోణం గొడవ కూడా ఇక్కడ లేదు.

ఇది మనకి కొత్తేం కాదు

సగటు వేగం అనగానే బ్రిటన్, ఇటలీ గుర్తొస్తాయి. బ్రిటన్‌లో స్పెక్స్ అనే వ్యవస్థకి 1999లో అనుమతి వచ్చింది. ఇటలీ హైవేల మీద ట్యూటర్ 2005లో మొదలైంది. కానీ కెమెరాల ప్రసక్తి లేకుండా ఇదే సూత్రాన్ని మన రాష్ట్రంలోనే వాడుతున్నారు. మీలో చాలామంది అందులో ప్రయాణం చేసే ఉంటారు కూడా.

తిరుమల ఘాట్ రోడ్డు. కింద అలిపిరిలో వాహనానికి టైమ్ నమోదవుతుంది. కొండపైకి చేరడానికి కనీసం 28 నిమిషాలు పట్టాలి. దిగేటప్పుడు కనీసం 40 నిమిషాలు. అంతకన్నా ముందే చేరారంటే ఫైన్. దారి సుమారు 18, 19 కి.మీ. కాబట్టి ఎక్కేటప్పుడు సగటు 40 దగ్గర్లో, దిగేటప్పుడు 28 దగ్గర్లో ఆగిపోవాలన్నమాట. దిగడానికి ఎక్కువ టైమ్ ఎందుకో డ్రైవింగ్ వచ్చినవాళ్లకి చెప్పక్కర్లేదు. బ్రేకులు వేడెక్కేది అప్పుడే. సాఫ్ట్‌వేర్ వాళ్ల కళ్లతో చూస్తే ఇది రెండు టైమ్‌స్టాంపులు, ఒక తీసివేత.

దీని లోపం కూడా అక్కడే కనిపిస్తుంది. ఓసారి హిందూపురం నుంచి బంధువులతో కలిసి వెళ్లినప్పుడు మా జీపు డ్రైవర్ మలుపులన్నీ ఊడ్చేసుకుంటూ వచ్చి, చివర్లో ఒక పక్కన ఆపి తాపీగా కూర్చున్నాడు. "ఏమైందన్నా?" అంటే "టైమ్ కాలేదు సార్, ఇంకా ఆరు నిమిషాలుంది" అన్నాడు. ఇందాక టీ గురించి చెప్పింది ఇదే. సెక్షన్ మధ్యలో ఆగే వీలుంటే సగటుని మోసం చేయొచ్చు. కాకపోతే ఆపి కూర్చున్నాక అంత స్పీడుగా వచ్చి మిగిల్చిందేంటి?

మరి ఫాస్టాగ్‌తో పట్టుకోవచ్చు కదా?

ఈ సబ్జెక్ట్ మాట్లాడిన ప్రతిసారీ మా ఆఫీసులో ఎవరో ఒకరు అడిగే ప్రశ్న. 2021 ఫిబ్రవరి నుంచి టోల్ కట్టే వాహనాలన్నిటికీ ఫాస్టాగ్ తప్పనిసరి. మన వైపు నుంచి బెంగళూరు వెళ్లేవాళ్లు అనంతపురం దాటాక మరూరు టోల్, కర్ణాటకలోకి వెళ్లాక బాగేపల్లి టోల్ దాటతారు. రెండు చోట్లా టైమ్ రికార్డవుతుంది. భాగిస్తే అయిపోయింది కదా?

సూత్రప్రాయంగా అవుతుంది. కానీ టోల్ ప్లాజా అంటేనే ఆగే చోటు. క్యూలో పోయిన నిమిషాలు మీ లెక్కలో కలిసిపోతాయి. అంత దూరంలో టిఫిన్‌కో, డీజిల్‌కో ఆగనివాళ్లు తక్కువ. చెన్నేకొత్తపల్లి దగ్గరో, సోమందేపల్లి దగ్గరో ఎక్కినవాళ్లు మొదటి టోల్‌ని తాకనే తాకరు. బైకులకి ఫాస్టాగ్ ఉండదు. పైగా ట్యాగ్ చెప్పేది ఒక అకౌంట్ నంబర్, అది అద్దం మీద అతికించిన స్టిక్కర్. చలానాకి కావాల్సింది నంబర్ ప్లేట్ కనిపించే ఫొటో.

ఇంకో అడ్డు చట్టపరమైనది. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించినప్పుడు 136ఏ సెక్షన్ వచ్చింది, రోడ్లపై ఎలక్ట్రానిక్ నిఘా కోసం. దాన్ని అమలు చేయడానికి 2021 ఆగస్టులో 167ఏ నిబంధన పెట్టారు. స్పీడ్ కెమెరా, స్పీడ్ గన్, సీసీటీవీ, నంబర్ ప్లేట్ చదివే కెమెరా, పోలీసుల ఒంటి మీది కెమెరా, డ్యాష్ కెమెరా ఇవన్నీ అందులో పేరు పెట్టి చెప్పారు. ఫాస్టాగ్ రీడర్ పేరు అందులో లేదు. డబ్బు వసూలు కోసం పెట్టిన పరికరాన్ని రేపు సాక్ష్యంగా వాడితే కోర్టులో మొదటి ప్రశ్నే అది అవుతుంది.

కాబట్టి నంబర్ ప్లేట్ కెమెరానే దారి. ముంబై–పుణె ఎక్స్‌ప్రెస్‌వే మీద 2024 జూలైలో మొదలైన ట్రాఫిక్ వ్యవస్థలో సగటు వేగం కొలిచే కెమెరాలు ఉన్నాయి. జాతీయ రహదారుల సంస్థ 2023 అక్టోబరులో ఇచ్చిన కొత్త విధానంలోనూ హైవేల మీద ప్రతి 10 కి.మీ.కి తప్పుల్ని పసిగట్టే వీడియో కెమెరాలు పెట్టాలని ఉంది. ప్లేట్ చదివే కెమెరాలు, వాటికి సరైన గడియారం ఉన్నాక సగటు వేగం అన్నది దాదాపు సాఫ్ట్‌వేర్ అప్‌డేటే.

అసలు బలహీనత నంబర్ ప్లేటే

ఇక్కడ మా ఇంటి కథ ఒకటి చెప్పాలి. మా పెద్దనాన్న దగ్గర ఒక పాత మోపెడ్ ఉంది. హిందూపురం మార్కెట్‌కీ ఇంటికీ తప్ప ఎక్కడికీ పోదు. ఒకరోజు ఆయన ఫోన్‌కి ఓవర్‌స్పీడ్ చలానా వచ్చింది. ఆయన ఎప్పుడూ చూడని ఊరు, గంటకి 94 కి.మీ. వేగం. "రేయ్, ఇది 94 పోతాదని నాకే తెలీదే" అని నవ్వాడు గానీ, దాన్ని తీయించడానికి మూడుసార్లు తిరగాల్సొచ్చింది. ఫొటో తెరిచి చూస్తే ఏదో తెల్ల కారు. ప్లేట్ మీద 8 అంకె స్క్రూ దగ్గర అరిగిపోయి 3లా కనిపిస్తోంది. సాఫ్ట్‌వేర్ 3 అని చదివింది, మనిషెవరూ మళ్లీ చూసినట్టు లేదు. ఏ ఊరు, ఎవరు పంపారు అన్నది ఇక్కడ అనవసరం.

ఒక్క కెమెరాలో ఒక తప్పు జరిగితే ఒక తప్పు చలానా. సగటు వేగంలో రెండు కెమెరాలూ ఒకే తప్పు చదివితేనే జత కుదురుతుంది. ఒక రకంగా అది మంచిదే, ఒకసారి తప్పు చదివితే చాలాసార్లు జతే దొరకదు. కానీ ప్లేటే అరిగి ఉంటే, లేదా ఫ్యాన్సీ అక్షరాలతో రాయించుకుంటే, రెండు చోట్లా ఒకేలా తప్పవుతుంది. అందుకే 2019 ఏప్రిల్ నుంచి కొత్త బళ్లకి తప్పనిసరి చేసిన హై సెక్యూరిటీ ప్లేట్ ఇక్కడ ముఖ్యం. అందరికీ ఒకే ఫాంట్, ఒకే సైజు. మన జిల్లాలో రోడ్డు మీద ఇంకా పాత ఏపీ 02 బళ్లు, కొత్త ఏపీ 39 బళ్లు రెండూ కలిసి తిరుగుతున్నాయి. పాతవాటిలో పెయింటర్ చేత్తో రాసిన ప్లేట్లు ఎన్నో. ఏ మెషీన్ లెర్నింగ్ మోడల్‌కైనా అవి పరీక్షే.

తప్పు చలానా వస్తే ఏం చూసుకోవాలో తెలిసుండాలి. 167ఏ ప్రకారం ఇలాంటి చలానాలో ఫొటో, అందులో నంబర్ ప్లేట్, పరికరం కొలిచిన విలువ, తేదీ, టైమ్, చోటు, ఏ సెక్షన్ కింద అన్నవి ఉండాలి. పరికరానికి అనుమతి సర్టిఫికెట్ ఉండాలి, దాన్ని ఏటా రెన్యూ చేయాలి. కెమెరాలున్న చోట కనిపించేలా బోర్డు పెట్టాలి. తప్పు జరిగిన 15 రోజుల్లో నోటీసు పంపాలని ఆ నిబంధన వచ్చినప్పుడే పెట్టారు. మెసేజ్ రాగానే కంగారుపడి కట్టేయకుండా ముందు ఫొటో తెరిచి చూడండి. మా పెద్దనాన్న చేసిన మంచి పని అదే. ఆ లింకు నిజంగా ప్రభుత్వ సైట్‌దేనా అన్నది అంతకన్నా ముందు చూడండి, చలానా పేరుతో వచ్చే ఫేక్ మెసేజ్‌లు తక్కువేం కాదు.

లిమిట్ ఎంత, ఫైన్ ఎంత

2018 ఏప్రిల్ 6 నాటి కేంద్ర నోటిఫికేషన్ ప్రకారం, మధ్యలో డివైడర్ ఉన్న నాలుగు లేన్ల రోడ్డు మీద కార్లకి గరిష్ఠంగా 100, సరుకు లారీలకి 80, బైకులకి 80. యాక్సెస్ కంట్రోల్ ఉన్న ఎక్స్‌ప్రెస్‌వే అయితే కార్లకి 120. ఇవి పై హద్దులు మాత్రమే. రోడ్డు పక్క బోర్డు 80 అంటే 80, 40 అంటే 40. దాటితే 183 సెక్షన్ కింద కార్ల లాంటి తేలికపాటి వాహనాలకి 1,000 నుంచి 2,000 రూపాయలు, పెద్ద వాహనాలకి 2,000 నుంచి 4,000.

మన రోడ్డు మీద పెడితే?

నా అభిప్రాయం చెప్తాను, మీరు ఒప్పుకోకపోవచ్చు. సగటు వేగం కెమెరాలు బాగా పనిచేస్తాయన్నదానికి ఆధారం ఉంది. బ్రిటన్‌లో ఆర్‌ఏసీ ఫౌండేషన్ 2016లో వేయించిన అధ్యయనంలో, అవి పెట్టిన రోడ్ల మీద ప్రాణాంతక, తీవ్ర ప్రమాదాలు 36 శాతం తగ్గాయని తేలింది. కానీ ఎన్‌హెచ్ 44 మీద కొడికొండ చెక్‌పోస్టు నుంచి పెనుకొండ దాకా ఒకసారి కళ్లు తెరిచి చూడండి. నాలుగు లేన్లే గానీ మూసేసిన రోడ్డు కాదు. ఊరి క్రాస్ దగ్గర బస్సు కోసం నిలబడ్డ మనుషులు, చుట్టూ తిరగడం ఎందుకని రాంగ్ సైడ్‌లో వచ్చే ట్రాక్టర్, కియా ఫ్యాక్టరీ షిఫ్ట్ వదిలాక బైకులు. అక్కడ సగటు 95తో వెళ్లినవాడు చట్టం ప్రకారం మంచివాడే. కానీ ఆ క్రాస్ దగ్గర కూడా 95తోనే వెళ్లి ఉంటే?

బ్రేకుల లెక్క చూడండి. మనిషి తేరుకోవడానికి 1.5 సెకన్లు, ఆ తర్వాత పొడి రోడ్డు మీద గట్టి బ్రేక్ అనుకుందాం. 100తో వస్తున్న కారు సుమారు 97 మీటర్లలో ఆగుతుంది. అదే చోట బ్రేక్ వేయాలనుకున్న 120 కారు ఆ 97 మీటర్ల దగ్గర ఇంకా 75 కి.మీ. పైన వేగంతో ఉంటుంది. అంటే ముందు కారు బైకు పక్కన ఆగిపోయిన చోట, రెండోది బైకుని 75తో గుద్దుతుంది. 30 కి.మీ.లో మా బావ మిగిల్చేది 3 నిమిషాలు.

అందుకే నన్నడిగితే క్రాసింగుల దగ్గర పాత రకం కెమెరానే ఉండాలి, దానికి ముందు పెద్ద బోర్డుతో సహా. అక్కడ మనకి కావాల్సింది ఆ క్షణం వేగమే. సగటు కెమెరాకి సరైన చోటు మధ్యలో ఎక్కడా దిగే దారి లేని రోడ్డు. అది మన పక్కనే వస్తోంది. కొడికొండ నుంచి అద్దంకి వైపు కడుతున్న ఎన్‌హెచ్ 544జి యాక్సెస్ కంట్రోల్డ్ గ్రీన్‌ఫీల్డ్ రోడ్డు. ఎక్కే చోట్లు, దిగే చోట్లు లెక్కపెట్టినన్నే. ఖాళీ రోడ్డు, తిన్నని రోడ్డు, కాలు దానంతటదే కిందకి దిగే రోడ్డు. ఎక్కేచోట ఒకటి, దిగేచోట ఒకటి పెడితే చాలు.

డేటా ఎవరి దగ్గర ఉంటుంది?

మనవాళ్లు తక్కువగా మాట్లాడే విషయం ఇది. మామూలు కెమెరా లిమిట్ దాటినవాడినే ఫొటో తీసేలా పెట్టొచ్చు. సగటు కెమెరాకి ఆ వీలు లేదు. మీరు తప్పు చేశారా లేదా అన్నది రెండో కెమెరా దగ్గరే తేలుతుంది కాబట్టి మొదటి దగ్గర అందరి నంబరూ రాసుకోవాల్సిందే. జర్మనీలో హానోవర్ దగ్గర 2019 జనవరిలో ఇలాంటిదే మొదలుపెడితే, చట్టంలో స్పష్టమైన ఆధారం లేకుండా అందరి నంబర్లూ తీసుకోవడం కుదరదని మార్చిలో కోర్టు ఆపించేసింది. చట్టం మార్చి, ఆ ఏడాది నవంబరులో మళ్లీ ఆన్ చేశారు. మన దగ్గర 2023లో డేటా రక్షణ చట్టం వచ్చింది గానీ అందులో ప్రభుత్వానికి మినహాయింపులు బాగానే ఉన్నాయి. తప్పు చేయనివాళ్ల రికార్డు ఎన్ని నిమిషాల్లో చెరిపేస్తారన్నది టెండర్‌లోనే రాసి ఉండాలి. ఇంజనీర్‌గా నాకు కెమెరా రిజల్యూషన్ కన్నా ఆ లైన్ మీదే ఆసక్తి.

మీ మీటర్ చెప్పేది, ఫోన్ చెప్పేది

చివరిగా ఒక చిన్న ప్రయోగం. రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు పక్క సీటులో ఉన్నవాళ్లు, డ్రైవర్ కాదు, కారు మీటర్‌నీ ఫోన్ మ్యాప్స్‌లోని స్పీడోమీటర్‌నీ పోల్చి చూడండి. మీటర్ 100 అంటే ఫోన్ 94, 95 అనొచ్చు. మీ ఫోన్ తప్పు కాదు. ఐక్యరాజ్యసమితి 39వ నిబంధన ప్రకారం కారు మీటర్ అసలు వేగం కన్నా తక్కువ చూపించకూడదు. ఎక్కువ చూపిస్తే 10 శాతం, దాని మీద ఇంకో 4 కి.మీ. దాకా పర్లేదు. అందుకే కంపెనీలు సేఫ్‌గా కాస్త ఎక్కువే చూపిస్తాయి. ఫోన్ మాత్రం శాటిలైట్ సిగ్నల్‌లో వచ్చే డాప్లర్ మార్పు నుంచి వేగం తీస్తుంది, అంటే రాడార్ గన్ వాడే సూత్రమే. ఒకే వేగంతో వెళ్తున్నప్పుడు దాని మాటే నమ్మొచ్చు. సొరంగంలోనో, అప్పుడే వేగం పెంచుతున్నప్పుడో నమ్మకండి.

మా బావకి ఇదంతా చెప్తే బుద్ధిగా విన్నాడు. సోమందేపల్లి దాటాక ఒక హోటల్ దగ్గర కారు ఆపి, "సగటు తగ్గించుకుందాం, దిగరా" అన్నాడు. టీకి పన్నెండు నిమిషాలు పట్టింది.